ఆపీసు శనగలు

పోయిన నెల మోకాళ్ల నొప్పులకని కర్నూల్లో ఆసుపత్రికి వెళితే, డాక్టరుగారు మందులు రాసిచ్చి, పక్క గదిలో ఆహారం సంగతులు చెప్పే అమ్మాయి ఉంటుంది, ఆమెను కూడా కలిసి వెళ్లమన్నారు. ఆ అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు. పొద్దున లేచింది మొదలు నేనేం తింటానో అడిగి రాసుకుని, మీ తిండిలో మాంసకృత్తులు చాలడం లేదమ్మా, సోయా వాడండి అని, సోయాచిక్కుడు అంటే ఏమిటో, అందులో ఎంత బలం ఉందో, పిండిలో ఏ పాళ్లలో కలుపుకోవాలో చిన్నపిల్లకు ఎక్కాలు నేర్పినంత ఓపికగా చెప్పింది. నాకు తెలుసులేమ్మా అని అనవచ్చు. అనలేదు. తల ఊపుతూ కూర్చున్నాను. ఎందుకంటే ఆ మాటలే, దాదాపు ఆ వరసలోనే, నలభై ఏళ్లకు పూర్వమే నేనూ ఒక ఊరి ఆడవాళ్లకు చెప్పాను. చెప్పిన తరువాత ఏమైందో ఇన్నేళ్లయినా మరిచిపోలేదు.

మాది కడప జిల్లాలో మగ్గాలను నమ్ముకుని బతికిన ఊరు. మా నాయన గుంటమగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుంటే మళ్లీ దీపాలవేళకు గానీ లేచేవాడు కాదు. పడుగు సరిచేయడానికీ కండెలు చుట్టడానికీ మా అమ్మా, నేనూ, మా అక్కా. ఆ ఇంట్లోనుంచి ఉద్యోగానికని గడప దాటిన మొదటి ఆడపిల్లను నేను. పల్లెల్లో ఆడవాళ్లకు తిండి సంగతులూ, బాలింతల సంగతులూ, చంటిపిల్లల సంరక్షణా నేర్పే పని. డోన్‌లో వేశారు. స్టేషను దగ్గర ఒక మిద్దెగదిలో మరో ఇద్దరు ఉద్యోగపు అమ్మాయిలతో ఉండేదాన్ని. గూడ్సుబండి పోయినప్పుడల్లా మా గూట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. మొదట్లో ఉలిక్కిపడేదాన్ని. తరువాత ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టేది కాదు. ఇరవై రెండేళ్ల వయసు, చేతిలో తోలుసంచి, మెడలో గొలుసుకు వేలాడే చిన్న గడియారం, లోకానికంతా నేనే బుద్ధి చెప్పాలన్నంత ఉత్సాహం. మీలో ఆ కాలంలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ఆ ఉత్సాహం ఎలా ఉండేదో నేను చెప్పనక్కరలేదు.

నాకు అప్పగించిన ఊళ్లలో ఒకటి బేతంచెర్ల రోడ్డు మీద బస్సు దిగి రెండు మైళ్లు నడిచి వెళ్లవలసిన చిన్న పల్లె. చుట్టూ బండల గనులు. ఊళ్లో గోడలూ బండలే, పైకప్పులూ బండలే, చేలకు కంచెలు కూడా నిలువుగా పాతిన బండలే. మగవాళ్లు సగం మంది గనుల్లోకి, సగం మంది చేలల్లోకి పోయేవాళ్లు. తిండి అంటే జొన్నరొట్టె, వేరుశనగ బుడ్డల కారం, కాలం బాగుంటే కందిపప్పు. కాలం బాగుండని ఏడాది ఆ పప్పులోనే నీళ్లు ఎక్కువయ్యేవి. అటువంటి ఇళ్లలో చంటిపిల్లలు ఎలా ఉంటారో ఊహించుకోవచ్చు. అందుకే మా ఆఫీసుకు ఒక కార్యక్రమం కింద సోయాచిక్కుడు గింజల బస్తాలు వచ్చాయి. వాటితోపాటు ఎలా వండాలో, ఎలా పిండి చేయాలో తెలుగులో అచ్చువేసిన కాగితాలు కూడా. మీగడ రంగులో గుండ్రంగా, నున్నగా, ముత్యాల్లా ఉండేవి ఆ గింజలు. బటాణీలా, శనగలా అని ఆడవాళ్లు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వాదించుకుని, చివరికి ఆపీసు శనగలు అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచింది.

ఆ ఊళ్లో నాకు కాలు పెట్టడానికి చోటిచ్చింది ఒక రైతు ఇంటి పెద్దావిడ. ఊరంతా ఆమెను పెద్దమ్మ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. పొడగరి, మాట తక్కువ, ఎవరినీ తొందరగా నమ్మే మనిషి కాదు. నన్ను మాత్రం నమ్మింది. కారణం ఆమె మనవరాలు. చిన్నకోడలి బిడ్డ, ఏడాదిన్నర దాటినా నిలబడలేక గోడ పట్టుకునేది. పుల్లల్లాంటి కాళ్లు, పెద్ద కళ్లు. ఈ గింజల పిండి పెడితే ఆ బిడ్డ ఒళ్లు చేస్తుందని నేను చెప్పిన మాట పెద్దమ్మ మనసులో పడింది.

ఆ ప్రాంతంలో సోమవారం నాడు ఎద్దులకు కాడి కట్టరు. అందుకని ఆడవాళ్లకు కాస్త తీరిక దొరికేది, నా పాఠాలన్నీ సోమవారాలే. సోయాపిండితో జొన్నరొట్టె చేసి చూపిస్తానని చెప్పిన సోమవారానికి ముందు, గింజలను రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, ఉడకబెట్టి, ఎండబెట్టి, వేయించి, ఆపైన పిండి పట్టించాలి. రెండు రోజుల పని. అయితే శనివారం సాయంత్రం నాతో ఉండే అమ్మాయిలు మహానందికి పోదామన్నారు. నేను ఎన్నడూ చూడలేదు. ఆదివారమంతా అక్కడే గడిచింది. ఆ కోనేటి నీళ్లలో అడుగున వేసిన నాణెం కూడా కనిపిస్తుంటే, ఆ చల్లదనానికి ఒళ్లు మరిచి, ఇంకొంచెంసేపు, ఇంకొంచెంసేపు అనుకుంటూ ఆఖరి బస్సుకు తిరిగి వచ్చాము. గింజలు మూటలో పొడిగానే ఉన్నాయి. పొద్దున్నే వాటిని అలాగే డోన్‌లో పిండిమరకు తీసుకుపోయి పట్టించాను. పిండి పిండే కదా, ఎలాగూ పెనం మీద కాలుతుంది కదా అనుకున్నాను. కాగితం నా సంచిలోనే ఉంది. తీసి చూడలేదు.

రొట్టెలు తట్టించి అందరికీ పెట్టాను. కొంచెం పచ్చివాసన వస్తోందని ఒకరిద్దరు అన్నారు. దాని గుణమే అంత అన్నాను. మిగిలిన పిండిని పెద్దమ్మకు ఇచ్చి, రోజూ రెండు పూటలా బిడ్డ జావలో కలపమని చెప్పి, ఆ సాయంత్రం ఏదో గొప్ప పని చేసినట్లు పాట పాడుకుంటూ రోడ్డుదాకా నడిచాను.

మరుసటి సోమవారం ఊళ్లో అడుగుపెడుతుంటే, ఎప్పుడూ ఎదురొచ్చి సంచి అందుకునే పిల్లలు రాలేదు. వాకిళ్లలో ఆడవాళ్లు నన్ను చూసి మాటలు ఆపారు. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. లేవలేదు.

“మళ్ళా యాడికొస్తివి పాపా?” అంది.

సంచి అరుగు అంచున దించి, ఏమైంది పెద్దమ్మా అన్నాను.

“బిడ్డకు నాలుగు దినాలు కడుపు నిలువల్యా. నీళ్లు నీళ్లుగా పోయె. డోనుకు ఎత్తుకపోయి గ్లూకోసు ఎక్కిస్తే నిన్న ఇంటికి తెచ్చుకుంటిమి. రొట్టె తిన్న ఆడోళ్లందరికీ కడుపు నొప్పే. నువ్వు సెప్పినట్లే పెడితిమి గదా, మేం ఏం తప్పు సేసినామో నువ్వే సెప్పు.”

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తమ తప్పేమిటని అడిగింది. లోపల చిన్నకోడలి ఒళ్లో బిడ్డ కళ్లు మూసుకుని పడుకుని ఉంది, పెదవులు ఎండి పొక్కులు లేచి ఉన్నాయి. నాకు ఆ క్షణంలో అంతా తెలిసిపోయింది. మరమీద పచ్చిగింజలు పడిన చప్పుడు కూడా చెవిలో వినిపించింది. కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు. నీళ్ల వల్ల అయి ఉంటుంది పెద్దమ్మా, ఎండాకాలం కదా, బావి అడుగంటింది కదా అన్నాను. మనసు అనుకోకముందే నోరు అనేసింది. పెద్దమ్మ కాసేపు నా ముఖం చూసి, నీళ్లేనేమోలే అని తల తిప్పుకుంది.

ఆఫీసులో మా పై అధికారిణి అడిగింది, కాగితంలో ఉన్నట్లే చేశావు కదా అని. చేశానన్నాను. ఒకసారి అన్న అబద్ధం రెండోసారి ఎంత సులువుగా వస్తుందో ఆ రోజు తెలిసింది. అయితే నీళ్లే అని ఆమె కూడా ఒక కాగితం రాసి పంపింది. నాలుగు రోజుల్లో ఆరోగ్యశాఖ వాళ్లు వచ్చి ఊరి దిగుడుబావిలో మందుపొడి కలిపి, నీళ్లు పరీక్షకు పంపి, రెండు వారాల దాకా ఎవరూ ఆ నీళ్లు ముట్టకూడదని చెప్పి వెళ్లారు. ఆ సంగతి నాకు తెలియదు. తరువాతి సోమవారం బస్సు దిగి నడుస్తుంటే, ఊరికి అవతల మైలు దూరంలో ఉన్న పాత గనిగుంతలోనుంచి బిందెలు మోసుకుంటూ బండల అంచు మీద వరసగా వస్తున్న ఆడవాళ్లు కనిపించారు. వేసవి ఎండ. బండల మీద కాలు పెడితే చురుక్కుమనే వేళ. వాళ్లలో పెద్దమ్మ చిన్నకోడలు ఉంది. నెత్తిన బిందె, చంకలో బిడ్డ.

నన్ను చూసి నిలబడింది. ముఖమంతా చెమట. అయినా నవ్వింది.

“నువ్వు నీళ్లే అని సెప్పి శానా మంచి పని సేస్తివి అక్కా. లేకుంటే ఆ పాడు నీళ్లే తాగుతాంటిమి. ఎండలో వస్తాండావు, రొన్ని తాగుతావా?”

బిందె దించబోయింది. వద్దు వద్దు అన్నాను. దించింది. అంత దూరంనుంచి మోసుకొచ్చిన నీళ్లు నా దోసిట్లో పోసింది. తాగాను. నా జీవితంలో అంత కష్టంగా నీళ్లు మింగిన రోజు మరొకటి లేదు.

ఆమె వెనకాలే నడిచి వెళ్లి, పెద్దమ్మ అరుగు ముందు నిలబడి, బిందెలు దించుతున్న ఆడవాళ్లందరూ వినేలా చెప్పాను. నీళ్ల తప్పు కాదు, మీ తప్పు అసలే కాదు, తప్పు నాది అని. మహానంది సంగతీ దాచలేదు. సంచిలోనుంచి కాగితం తీసి మొదటినుంచి చివరిదాకా చదివాను. గింజలను బాగా నానబెట్టి ఉడికించిన తరువాతనే పిండి చేయాలి, పచ్చిపిండి పసిపిల్లలకు పెట్టరాదు అన్న వాక్యాన్ని మాత్రం రెండుసార్లు చదివాను.

చిన్నకోడలు బిడ్డను ఒక చంకలోనుంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. నావైపు చూడలేదు.

“ఆ కాగితం ఆపొద్దు గూడా నీ సంచిలోనే ఉండెనా?” అంది పెద్దమ్మ.

“ఉండింది పెద్దమ్మా.”

“సదువు రాక మేం సెడిపోతాండామని నువ్వు సెప్తే, నిజమే అనుకుంటిమి. సదువొచ్చి గూడా సెడతారని ఈ పొద్దు తెలిసె.”

ఆమె లేచి లోపలికి పోయింది. తలుపు వేయలేదు. కానీ కూర్చోమని కూడా ఎవరూ అనలేదు. ఖాళీ బిందెలు మళ్లీ గనివైపు కదిలాయి, నేను రోడ్డువైపు.

మా అధికారిణికి కూడా అదే రోజు చెప్పాను. ఆమె కోపం సంగతి ఇక్కడ రాయను. కోప్పడవలసిందే కదా. సంజాయిషీ అడిగారు, రాసిచ్చాను. బావి నీళ్లు వాడుకోవచ్చని ఊరికి కబురు పోయింది. ఉద్యోగం పోతుందనుకున్నాను, పోలేదు. వేరే ఊరు ఇస్తాను, ఆ పల్లెకు ఇక పోకు అని ఆమె దయతోనే అంది. ఎందుకో ఒప్పుకోలేదు. ధైర్యం అనుకోకండి. ఆ ఊరికి మళ్లీ పోకపోతే ఇంక ఏ ఊరికీ తలెత్తుకుని పోలేనేమోనన్న భయం.

సోమవారం వెళ్లాను. ఎవరూ రాలేదు. ఇంకో సోమవారం కూడా అంతే. ఆ రోజు వీధి మలుపులో బొరుగులు వేయించే బట్టీ దగ్గరనుంచి పిలుపు వచ్చింది. అక్కడ ఒక ముస్లిం ముసలావిడ, భర్త పోయాక తానే బట్టీ నడుపుకునేది. అందరికీ ఖాలా, అంటే పిన్నమ్మ. అందరి ఇళ్ల జొన్నలూ శనగలూ ఆమె మూకుట్లో వేడి ఇసుకలో పేలవలసిందే.

“ఏం బేటీ, ఆ గింజలు రొన్ని ఇట్ల తే” అంది. ఒకటి పంటి కింద వేసి కొరికి, తుపుక్కున ఉమ్మేసింది. “పచ్చిది పొట్టలో ఏస్తే పొట్ట ఊరుకుంటాదా? అగ్గి సూపించాల దీనికి. నీ కాగితంలో ఏముండాదో సదువు. సేతులు నావి, నోరు నీది.”

అలా మొదలైంది. నేను చదవడం, ఖాలా చేయడం. ముందురోజే నానబెట్టి, పొట్టు పిసికి తీసి, మెత్తగా ఉడికించి, వాకిట్లో కడిగిన బండమీద పరిచేది. ఆ ఎండకు, ఆ బండ వేడికి సాయంత్రానికల్లా గింజలు గలగలలాడేవి. తరువాత ఇసుకలో సన్నని సెగమీద వేయించడం. పచ్చివాసన పోయి, వేయించిన బుడ్డల వాసనలాంటిది వీధి చివరిదాకా పోయేది. తిరగలిలో విసిరిన ఆ పిండితో రొట్టె తట్టించుకుని, బట్టీ అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరూ చూస్తుండగా నేనే తినేదాన్ని. ఎవరినీ తినమనలేదు. నాలుగు సోమవారాలు అలాగే తిన్నాను. ఎదురుగా అరుగు మీద పెద్దమ్మ కూర్చుని చూసేది. అయిదో సోమవారం లేచి వచ్చి, రొట్టెలో సగం తుంచుకుని, నిలబడే తిని, వెళ్లిపోయింది.

ఆ వారం రోజులు నేను ఎలా గడిపానో నాకే తెలుసు. మళ్లీ సోమవారం నేను వెళ్లేసరికి ఆమె చేటలో జొన్నలు చెరుగుతోంది. చేట ఆపకుండానే అంది:

“కడుపు ఏమనల్యా. పెద్దోళ్లం తింటాంలే. బిడ్డకు మటుకు పెట్టం.”

పెట్టవద్దనే నేనూ అన్నాను. ఆ తరువాత ఒక్కొక్క ఇల్లే కదిలింది. జొన్నలు నాలుగు పాళ్లు, ఆపీసు శనగలు ఒక పాలు కలిపి పట్టించడం, వేయించిన గింజల్లో ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ వేసి కారంపొడి దంచడం, ఇవన్నీ వాళ్లు కనిపెట్టినవే, నా కాగితంలో లేవు. గింజల నుంచి పాలు తీసి తాగండని కాగితంలో ఉన్నదాన్ని మాత్రం ఎవరూ లెక్కచేయలేదు. బర్రె ఉండగా గింజ పాలెందుకని నవ్వారు. పెద్దమ్మ పెనిమిటి ఉత్సాహపడి కందిచేలో రెండు సాళ్లు సోయా విత్తాడు. మొలక బాగానే వచ్చింది. కాయపట్టే వేళకు వాన మొహం చాటేసింది. కంది నిలబడింది, ఇది ఎండిపోయింది. మన కరువు తెలియని పంటమ్మా ఇది, అన్నాడాయన, ఏదో చుట్టపుబిడ్డను గురించి చెప్పినట్లు జాలిగా.

బిడ్డ సంగతి మాత్రం నేను ఎన్నడూ ఎత్తలేదు. ఏడాది గడిచిన తరువాత ఒక సోమవారం, ఆ పిల్ల వాకిట్లో నిలబడి, బెల్లం కలిపిన పిండిముద్ద ఏదో చేతినిండా పూసుకుని తింటోంది. నేను వాసన పట్టాను. చిన్నకోడలి వైపు చూశాను. ఆమె పొయ్యివైపు తిరిగి ఊదుగొట్టం అందుకుంది. ఎప్పటినుంచి పెడుతున్నారో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

మరో రెండేళ్లకు బస్తాలు రావడం ఆగిపోయింది. కార్యక్రమం అయిపోయిందన్నారు. బజారులో ఆ గింజలు దొరికేవి కావు, ఆ ఊళ్లలో పండేవి కావు. వాళ్ల తిండి మళ్లీ జొన్నరొట్టె, బుడ్డల కారం దగ్గరికే వచ్చింది. నన్నూ కడప వైపు మార్చారు. సెలవు తీసుకోవడానికి వెళ్లిన రోజు పెద్దమ్మ పడితో కొలిచి బుడ్డలు మూటగట్టి ఇచ్చింది. మనసులో ఉన్నది అడగకుండా ఉండలేక, నామీద కోపం పోయిందా పెద్దమ్మా అన్నాను.

“పోల్యా” అంది. మూటను నా సంచిలోకి తోసి, “అయినా నువ్వు మళ్ళా వస్తివి గదా” అంది.

తరువాత ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను. ఎన్నో ఊళ్లు, ఎన్నో పాఠాలు. ఏ కాగితమూ పూర్తిగా చదవకుండా నోరు విప్పలేదు. అదొక్కటే నేను చెప్పుకోగలిగింది. ఈలోగా కాలం మారిపోయింది. జొన్నలు తినే ఇళ్లలోకి చౌకబియ్యం వచ్చింది. ఆ రోజుల్లో మేము బతిమాలి తినిపించినా దిగని సోయా, మీల్ మేకర్ అనే పేరుతో దానంతట అదే వచ్చి, సంతల్లో గోతాలకొద్దీ కుప్పలు పోసి అమ్మే సరుకయింది. పెళ్లి భోజనాల్లో మాంసం తినని పంక్తిలో అదే మాంసం. పిల్లలు అడిగి మరీ వడ్డించుకుంటారు. మంచిదే. మేము కోరుకున్నదీ అదే కదా.

నిరుడు ఏదో పనిమీద బేతంచెర్ల వైపు వెళుతూ, ఆ పల్లెకు తిరిగే దారి దగ్గర ఒక పూటకూళ్ల పాకలో భోజనానికి ఆగాము. ఇప్పుడు ఆ దారి తారురోడ్డు. ఊళ్లో నాకు తెలిసినవాళ్లెవరూ మిగిలి లేరని ఎవరో చెప్పగా అటు పోలేదు. పాక నడిపే అమ్మాయి వేడివేడి జొన్నరొట్టె, మీల్ మేకర్ కూర పెట్టింది. పక్క బల్ల దగ్గర బండల లారీ డ్రైవర్లు అదే తింటున్నారు. కూర నిజంగా బాగుంది. ఇది దేంతో చేస్తారో తెలుసా అమ్మా అని అడిగాను.

“కంపెనీలో సేస్తారవ్వా. పాకెట్లో వస్తాది” అంది.

ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఒకవేళ ఇది ఎవరి ఒంటికైనా పడకపోతే, తప్పు నాది అని చెప్పడానికి ఎవరు మళ్లీ వాకిట్లోకి వస్తారని అడగబోయి ఆగాను. ఆమెకు చేతినిండా పని ఉంది, పెనం మీద రొట్టె పొంగుతోంది. ఇంకో రొట్టె పెట్టించుకుని తిన్నాను.